గేరు వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: "అల్లుడూ, గేరు మార్చవయ్యా!"

అవతారిక: ఏలూరు నుంచి కైకలూరు పోతుండగా, పెదయడ్లగాడి వంతెన ఎక్కే తరుణాన, ముందు చేపల లారీ, పక్కన గేదెల మంద ఉండగా, ఎడమ సీటున ఆసీనులైన మావయ్యగారు సెలవిచ్చిన వాక్యమిది. తాడేపల్లిగూడెంలో ఆటోమేటిక్ కారు కొన్ననాటి నుంచీ వారికి గేరుశాస్త్రంలో అధికారం సిద్ధించింది.

టీక: 'అల్లుడూ' సంబోధన. సులభం గనుక విడిచితిమి. 'గేరు' లోకప్రసిద్ధం. మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ప్రతిజ్ఞ పట్టిన మల్లినాథసూరికి ఇక్కడితో నమస్కారం. ఎందుకంటే 'మార్చు' అన్నారే గాని పైకో కిందికో చెప్పలేదు. కొల్లేటి నాడు అరచేతిలా చదును. ఇక్కడ గేరు మార్పించేవి కొండలు కావు. బాతులు, వరిగడ్డి ట్రాక్టర్లు, స్పీడ్ బ్రేకర్లు. ఉన్న ఎత్తల్లా వంతెనే. దానికీ మొదట్లోనే రెండులోకి దించుకోవాలి, సగం ఎక్కి బండి గుంజుకుంటున్నప్పుడు కాదు.

విశేషం: గేరు మార్పు సంధికార్యం. రాముడు, అతడు కలిస్తే 'రాముడతడు' అయినట్టు, పాత గేరు లోపించి కొత్తది నిలవాలి, చెవికి అతుకు తెలియకూడదు. మరి సంధి కుదరని చోట? 'మాయమ్మ'లో యకారం వచ్చి నిలబడినట్టు, నడుమ ఒకటి ఆగమం కావాలి. పాత లారీ డ్రైవర్ల డబుల్ క్లచ్ అచ్చంగా యడాగమమే: క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, వదిలి, ఒక్క రేజ్ ఇచ్చి, మళ్లీ తొక్కి కింది గేరు వేయడం. కింది గేరులో అదే వేగానికి ఇంజను ఎక్కువ తిరగాలి. ఆ తేడాను రేజ్ పూడుస్తుంది. 1928లో కాడిలాక్ కార్లలో సింక్రోమెష్ వచ్చాక గేరు పళ్ల సంధి పెట్టెలోనే జరిగిపోతోంది. అయినా క్లచ్ సగమే తొక్కి రాడ్డు తోస్తే వినబడే గరగర ఉందే, అది దుష్టసమాసం. ఏ వ్యాకర్తా క్షమించడు.

యడాగమానికి ఇకారసంధి వైకల్పికత్వంతో గల సంబంధం కూడా చెప్పవలసి ఉంది గాని, ముందు ఆ లారీ సంగతి! ఐసు కరిగిన చేపనీళ్లు దారంతా కార్చుకుంటూ పోతుంది. ఆ జిగటమీద తొందరపడి గేరు దించి క్లచ్ టక్కున వదిలితే చక్రాలు జారతాయి, వెనక బైకువాడు పడతాడు. గుంతల్లో నిలిచిన నీళ్లకు లోతు తెలియదు. అడిగే నాథుడు లేడు. వంద మీటర్లకోసారి గేరు మార్చేది శాస్త్రం తెలియక కాదండీ, రోడ్డు లేక!

ప్రకృతమనుసరింతము. మాన్యువల్ నడిపిన రోజుల్లో మావయ్యగారు ఎడమకాలు క్లచ్ మీంచి దించి ఎరగరు. ప్లేటు అరిగింది, రిలీజ్ బేరింగు కీచుమంది, తప్పు మెకానిక్కుదని తేలింది. ఈ అంశాన్ని టీకలో వివరిస్తే టీకాకారుడికి రాత్రి భోజనం సందేహం.

తాత్పర్యం: "అలాగే మావయ్యగారూ."