తలంబ్రాల చొక్కా

మరక మంచిదేనని టీవీలో ఎవరు చెప్పినా నమ్మకండి. వాళ్ళెవరూ నవమికి భద్రాచలం వచ్చినవాళ్ళు కారు.

మిగతా ఊళ్ళలో సీతారాముల తలంబ్రాలు పసుప్పచ్చగా ఉంటాయి. దులుపుకుంటే రాలిపోతాయి. మావి ఎర్రన. కుతుబ్‌షాహీల నాటి నుంచీ వస్తున్న ఆచారమట, బియ్యంలో పసుపుతోపాటు గులాల్ కూడా పడుతుంది. కలపడం మొదలుపెట్టేదే హోలీ పున్నమినాడు. ఆ తలంబ్రాలు రాములవారి శిరస్సు మీద ఉన్నంతసేపూ ముచ్చటగానే ఉంటాయి. మిథిలా స్టేడియంలో నా పక్కనున్న పెద్దాయన భక్తి పట్టలేక చేతిలో ఉన్నవి నా నెత్తిన కూడా పోశాడు. చైత్రమాసపు ఎండ, ధారగా చెమట, కొత్త తెల్లచొక్కా. ఇక చెప్పేదేముంది.

పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడుతుందని బడిలో అందరం చదువుకున్నదే. క్షారానికి రంగు మార్చడం దాని గుణం. ఆ పాఠం గుర్తున్నవాళ్ళెవరూ మా ఇంట్లో ఉతికే పనిలో లేరు. గులాల్ ఎరుపుకు పసుపు ఎరుపు తోడై, కాలర్ నుంచి జేబుదాకా ఒకే రంగు.

అప్పుడు మొదలయ్యాయి సలహాలు. మనిషి ఏ పని చేసి బతికాడో ఆ పనిలోంచే చిట్కా తీస్తాడని నాకు అప్పటిదాకా తెలియదు. సింగరేణిలో చేసి రిటైరైన పక్కింటి బాబాయి, "బొగ్గూ గ్రీజూ కలిసి పట్టిన మరకలనే వదలగొట్టినోళ్ళం, ఇదో లెక్కా? కిరోసిన్ పుయ్యి" అన్నాడు. సారపాక పేపర్ మిల్లులో చేసే బావమరిది బ్లీచింగ్ అన్నాడు. వెదురునూ కర్రనూ తెల్లకాగితం చేసే చోట పనిచేసే మనిషికి నా చొక్కా ఓ లెక్కలోది కాదు. మరక పోయాక చొక్కా ఉంటుందా బావా అంటే, ముందు మరక సంగతి చూడమన్నాడు. ఆఫీసులో ఒకాయన పళ్ళపొడి, ఇంకొకాయన పుల్లమజ్జిగ. మా అత్తమ్మ మాత్రం గుడ్లురిమింది: "స్వామివారి తలంబ్రాలు పడ్డ గుడ్డకు కిరోసిన్ పూస్తారా అల్లుడూ? కళ్ళు పోతాయి!"

ఒక్క మా ఆవిడ మాటే పనిచేసింది. తడిపి ఎండలో పడెయ్యమంది. పసుపు ఎండకు నిలవదు. వారం తిరిగేసరికి పసుపంతా ఎగిరిపోయి, ఏ కల్తీ లేని గులాబీ రంగు మిగిలింది. ఇప్పుడది మరకలా లేదు, మనసుపడి వేయించుకున్న డిజైనులా ఉంది.

నిజానికి పోని మరక అంటే నల్లజీడిది. అది మా అడవి సరుకు. మామిడికీ జీడిమామిడికీ దగ్గరి చుట్టం. ఆ వంశమే అంత. మామిడికాయ తొడిమ తుంచితే సొన చిమ్మి చొక్కా ఖరాబవుతుంది, జీడిమామిడి పిక్క పెంకు నూనెకు వేళ్ళు పొక్కుతాయి. నల్లజీడి వాటికి పెద్దన్న. గింజలో సూది గుచ్చి, ఆ నూనెతో గుడ్డ మూలన గీత గీసి పైన సున్నం రాస్తే నల్లగా పట్టుకుంటుంది. ఉడకబెట్టినా, బండకేసి బాదినా దిగదు. చాకళ్ళ గుర్తులన్నీ ఒకప్పుడు దాంతో పెట్టినవే. ఒకరికి రెండు చుక్కలు, ఒకరికి మూడు గీతలు, మా ఇంటికి ఇంటూ. ఎందుకు ఇంటూ అని మా తాత జీవితాంతం అనుమానపడ్డాడు. ఆయన పంచె చిరిగి తువ్వాలైంది, తువ్వాలు చిరిగి వంటింటి మసిగుడ్డైంది, ఆ గుడ్డకు కూడా ఇంటూ అలాగే ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో మన దేశానికొచ్చిన అమెరికా సిపాయిలకు మెడ వెనక, నడుము దగ్గర దద్దుర్లు లేస్తే డాక్టర్లు కారణం వెతికి వెతికి, చివరికి చాకలి గుర్తు దగ్గర ఆగారు. జపాన్‌తో యుద్ధానికని వచ్చినవాళ్ళను మన చాకలి గుర్తు కూచోబెట్టి గోకించింది. ఇంకో విచిత్రం, సర్కారు మద్దతు ధర ఇచ్చే అడవి సరుకుల జాబితాలో నల్లజీడీ ఉంది, కుంకుడుకాయా ఉంది. మరకా అడవిదే, దాన్ని వదిలించాల్సిన సబ్బూ అడవిదే. తూకానికి మాత్రం రెండూ కోయ గూడేల నుంచే రావాలి. ఆ చెట్టు గురించి ఇంకో పేజీ రాయగలను గానీ, చొక్కా కథ అడుగుతున్నారు మీరు.

మా ఇంటికి ఆ ఇంటూ పెట్టిన అవ్వ ఉండేది. గుర్తులు పెట్టీ పెట్టీ ఆమె వేళ్ళ కొసలు ఎప్పుడూ నల్లగా, పొక్కులు మానిన మచ్చలతో ఉండేవి. అమెరికా సిపాయిల మెడకొచ్చినదానికి డాక్టర్లు వెతుకులాడారు, ఆమె వేళ్ళకొచ్చినదాన్ని మేమెవరం అడగలేదు. పురిటి బట్టలు ఆమెకే, చావింటి మైలబట్టలు ఆమెకే. ఏ ఇంట్లో ఏం జరిగిందో మూటలు విప్పితే తెలిసిపోయేది. ఒక్కమాట బయటికి పొక్కేది కాదు. రాత్రి అన్నానికి వస్తే గడప బయట నిలబెట్టి గిన్నెలో వేసేవాళ్ళం, అన్నీ కలిపి. చదువుకున్నవాడికంటే చాకలివాడు మేలు అని చదువుకున్నవాళ్ళను ఎగతాళి చేసే సామెత ఒకటుంది. అందులో రెండోవాడికి కూడా ఓ దెబ్బ తగులుతుందని చిన్నప్పుడు తట్టలేదు. ఆమె పోయాక మేం వాషింగ్ మెషిన్ కొన్నాం. అంతకుముందు కొనుక్కునే స్తోమత లేక కాదు.

ఆమె మనవడు కొత్తగూడెంలో ఇంజినీరింగ్ చదివి హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. నవమికి వచ్చి మొన్నటిదాకా ఊళ్ళోనే ఉన్నాడు. బజార్లో కనబడితే నాలుక చివరిదాకా వచ్చింది, మీ అవ్వ ఉంటే ఈ గులాల్‌కు ఏం చేసేదిరా అని. ఎంత నీచంగా ఉంటుందో అర్థమై నోరు మూసుకున్నాను. ఎండలు ఎక్కువున్నాయి కదా అన్నాను.

"అవును సార్" అన్నాడు. నా చొక్కా వంక అదోలా చూశాడు. "మీకూ పడ్డాయా తలంబ్రాలు? నా తెల్ల కుర్తా మొత్తం పోయింది. యూట్యూబ్‌లో చూసినవన్నీ చేశా, దిగట్లేదు. పెద్దవాళ్ళు, మీ ఇంట్లో ఏదన్నా చిట్కా తెలుసా సార్?"

టీ కొట్టు దగ్గర కూచోబెట్టి, కిరోసిన్ దగ్గర మొదలుపెట్టి అన్నీ వివరంగా చెప్పాను. పాపం, ఫోన్‌లో రాసుకున్నాడు.