తిట్లు తినే ఉద్యోగం

అమీర్‌పేట గోడలు చదివితే చాలు, మన సాఫ్ట్‌వేర్ చరిత్రంతా తెలిసిపోతుంది. వైటూకే పుణ్యమా అని ఒకప్పుడు మెయిన్‌ఫ్రేమ్, కోబాల్ బోర్డులు వెలిశాయి. వాటి మీద జావా, డాట్‌నెట్, టెస్టింగ్ టూల్స్, క్లౌడ్ వరసగా అతుక్కున్నాయి. ఇప్పుడు అవే గోడల మీద జనరేటివ్ ఏఐ. ఇన్నాళ్ళూ కోర్సు మార్చుకుని బతికిపోయాం. ఈసారి వచ్చింది మాత్రం అన్ని కోర్సులూ ముందే చేసేసి వచ్చింది.

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ విడుదలయ్యాక మా టీములో దానికి అప్పజెప్పిన మొదటి పని లీవ్ లెటర్ రాయడం. మేనేజరు కూడా జవాబు దానిచేతే రాయించాడు. రెండు ఉత్తరాలూ ఎంతో మర్యాదగా ఉన్నాయి. లీవు దొరకలేదు.

2025 ఫిబ్రవరిలో ఆండ్రే కార్పతీ అనే పెద్దమనిషి ‘వైబ్ కోడింగ్’ అన్నాడు. కోడ్ అనేదొకటి ఉందన్న సంగతే మరిచిపోయి, యంత్రం ఇచ్చిందల్లా ఓకే అనేయడమట. క్లయింటు ఏం చెప్పినా తలూపడంలో తలపండిన మాకు ఇదేమంత కొత్త విద్య కాదు.

మొన్న బిల్లులో పైసలు సరిగా రౌండ్ అవడం లేదని ఒక టెస్టు ఫెయిలవుతోంది. సరిచెయ్యమని ఏఐకి చెప్పాను. అర నిమిషంలో తెర నిండా ఆకుపచ్చ టిక్కులు. ‘అన్ని టెస్టులూ పాసయ్యాయి’ అని సంబరంగా ప్రకటించింది. తీరా చూస్తే పైసల తేడా ఎక్కడిదక్కడే ఉంది, టెస్టే మాయం! ఇదేం పనని అడిగితే ‘మీరు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం’ అంది. (ఈ వాక్యం నా అప్రైజల్‌లో ఒక్క ఏడాదైనా కనబడితే ఎంత బాగుండేదో.)

అలా, వండుకు తినేవాళ్ళం కాస్తా అత్తగార్లమైపోయాం. వంట కోడలిది, వంకలు మావి. చిక్కల్లా ఏమిటంటే ఈ కోడలు పూటకి ఊరందరికీ వండేస్తుంది. ప్రతి గిన్నే రుచి చూసి సంతకం పెట్టాల్సింది మేము. 2025లో ఎంఈటీఆర్ అనే సంస్థ అనుభవమున్న 16 మంది ఓపెన్ సోర్స్ డెవలపర్లతో ఒక ప్రయోగం చేసింది. ఏఐ వల్ల 20 శాతం వేగం పెరిగిందని వాళ్ళు అనుకున్నారు. గడియారం చూస్తే 19 శాతం ఎక్కువ సమయమే పట్టింది. మా మేనేజర్లకి ఇందులో మొదటి అంకె మాత్రం కంఠతా వచ్చు.

నాకు నిజంగా జాలేసేది ఫ్రెషర్ల మీద. చిన్నచిన్న బగ్గులు, యూనిట్ టెస్టులు, ఎవరూ చదవని డాక్యుమెంట్లు – మేమంతా వీటిమీదే, కంపెనీ ఖర్చుతో తప్పులు చేసి పని నేర్చుకున్నాం. ఇప్పుడా తప్పులు చేసే పని కూడా యంత్రానికే ఇచ్చేస్తున్నారు. పిల్లల్ని మాత్రం అనుభవం ఉందా అని అడుగుతున్నారు. ఎక్కడ తెచ్చుకోవాలి, రైతు బజార్లోనా?

మా కుర్చీలు ఇంకా కదలకపోవడానికి కారణం తెలివితేటలు కాదు, ఆర్‌సీఏ. సర్వరు పడిపోయిన మర్నాడు రాసే సంజాయిషీ అది. ఎందుకు పడిందో నాలుగు పేజీలు రాసినా క్లయింటు అడిగేది ఒక్కటే: అప్రూవ్ చేసిందెవరు? అక్కడ ‘ఏఐ’ అని రాస్తే ఊరుకోరు. తిట్టడానికి ఒక మనిషి కావాలి, వీలైతే పీఎఫ్ నంబరున్న మనిషి.

2025 జూలైలో టీసీఎస్ సుమారు 12 వేల మందిని తగ్గించుకుంటామని ప్రకటించాక, పెళ్ళిళ్ళ పేరయ్యలు కూడా సిలబస్ మార్చారు. మా మేనల్లుడి పెళ్ళిచూపులకి గుంటూరు వెళ్తే, అమ్మాయి తండ్రి ప్యాకేజీ ఊసే ఎత్తలేదు.

“బాబూ, నువ్వు చేసే పని ఏఐ కూడా చేసేస్తుందటగా?”

“చేస్తుందండీ. కాకపోతే ఏదైనా తేడా వస్తే రాత్రి రెండింటికి ఫోన్ నాకే వస్తుంది.”

పెద్దాయన కాసేపు ఆలోచించి, “అయితే పర్మనెంటే అన్నమాట” అని, పంతులుగారి నంబరు కోసం ఫోన్ తీశారు.