ఇజీనారం, సీకాకులం, ఎక్కండెక్కండి

విశాఖపట్నంలో దూరాన్ని కిలోమీటర్లలో చెప్పేవాళ్లు తగ్గిపోయారు. ఆనందపురం ఎంత దూరమని అడిగి చూడండి. "గజం ఇక్కడంత పలకదు సార్, కానీ పెరుగుతోంది" అంటారు. భీమిలి ఎంత దూరమంటే "అది మన అందుబాటులో లేదు లెండి" అంటారు. భీమిలికి బస్సుంది, రోడ్డుంది, డచ్చివాళ్లు ఓడలేసుకుని వచ్చిన ఊరది. అయినా అందుబాటులో లేదు.

నేనుండేది మద్దిలపాలెంలో, అద్దెకి. అది డబుల్ బెడ్‌రూమ్ అని మా ఓనరుగారి అభిప్రాయం. రెండో గదిలో మంచం వేస్తే తలుపు పూర్తిగా తెరుచుకోదు. తలుపు తెరవాలంటే మంచం మీదున్న మనిషి లేచి గోడకి నిలబడాలి. సిరిపురంలో ఒక ఆడిటరుగారి దగ్గర లెక్కలు రాస్తాను నేను. ఊళ్లోవాళ్ల జమాఖర్చులు పైసాతో సహా సరిపెట్టి ఇంటికొచ్చి, నా పద్దు తెరిస్తే ఎటు నుంచి కూడుకొచ్చినా అద్దె దగ్గర బండి ఆగిపోతుంది. పద్దెనిమిది వేలు. మెయింటెనెన్స్ వేరే. అందుకని ఏటా జూన్ వచ్చేసరికి మా ఇంట్లో ఒక చర్చ మొదలవుతుంది: చవగ్గా ఉండే ఊరేదైనా చూసుకుని పోదామా అని.

జూనే ఎందుకంటే, ఓనరుగారు అద్దె పెంచేది అప్పుడే. మిగతా పదకొండు నెలలూ ఆయనంత నెమ్మదస్తుడు లేడు. ఆయనకున్న చెడ్డ అలవాటు ఒక్కటే, పేపరు చదవడం. 2019 డిసెంబరు 17న శాసనసభలో మూడు రాజధానుల మాట వినబడి, విశాఖ పరిపాలనా రాజధాని కావచ్చని తెలిసిన దగ్గర్నుంచి ఆయన నడకే మారిపోయింది. మెట్లు దిగుతుంటే సెక్రటేరియట్ దిగుతున్నట్టే ఉండేది. "ఇంక ఐఏయస్‌లందరూ ఇటే కదండీ" అంటూ రెండు వేలు పెంచారు. రాజధాని రాలేదు. ఆ రెండు వేలు మాత్రం వచ్చాయి, మళ్లీ వెళ్లలేదు. నా రెండో గదిలో ఏ ఐఏయస్ అధికారి మంచమేసుకుని గోడకి నిలబడతాడని నేనడగలేదు.

తర్వాత 2025 ఏప్రిల్లో రుషికొండలో టీసీఎస్‌కి 21.16 ఎకరాలు 99 పైసలకి ఇవ్వడానికి మంత్రివర్గం ఒప్పుకుందని వార్త. ఓనరుగారు పేపరు పట్టుకుని పైకొచ్చారు. "చూశారా, సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు దిగిపోతున్నారు." నాకు ఆ వార్తలో కుర్రాళ్లు కనబడలేదు, 99 పైసలే కనబడ్డాయి. ఆ రాత్రి లెక్కేసుకున్నాను. నా దగ్గర రూపాయి బిళ్ల ఉంది. నాకు ఎకరాలక్కర్లేదు, తలుపు తెరుచుకునేంత జాగా చాలు. చిల్లర పైసా వెనక్కివ్వకపోయినా అడగను. అయితే ఎన్ని వేల ఉద్యోగాలు కల్పిస్తారు అని ఎదురడుగుతారట. మా ఇంట్లో ఉన్న ఉద్యోగం ఒక్కటే, అదీ నాది.

అదే ఏడాది అక్టోబరు 14న గూగుల్ ఒప్పందం. అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో డేటా సెంటరు. ఆనందపురం మండలం తర్లువాడ పేరు ఆ రోజు నుంచి అందరి నోళ్లలోనూ పడింది. అంటే, ఫోటోలూ వీడియోలూ గుడ్మార్నింగ్ మెసేజీలూ హాయిగా చల్లటి గదుల్లో కాపురం పెట్టడానికి మన జిల్లాలో చోటు దొరికింది. ఈ మెసేజీలు పంపే మా బావమరిదికి ఇంకా దొరకలేదు.

ఇల్లు మారడమనేది ఈ ఊరికి కొత్త కాదనుకోండి. మా వీధి చివరి నుంచి నడిస్తే వచ్చే ఆంధ్ర విశ్వకళాపరిషత్తే 1926లో బెజవాడలో పుట్టి, 1930లో మూటాముల్లె సర్దుకుని వాల్తేరు కొండల మీదికొచ్చింది. కాకపోతే దానికి జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలిచ్చేవారు. మహారాజు పోషకుడైతే నేనూ ఎక్కడికైనా మారతాను.

మద్దిలపాలెంలో ఉండి చవక ఊళ్ల ధ్యాస తప్పించుకోవడం కష్టం, ఎందుకంటే ఇక్కడ వాటిని రోజంతా పేర్లు పెట్టి పిలుస్తుంటారు. తెల్లవారకుండానే హైవే మీద బస్సు ఆగుతుంది, కండక్టరు తలుపులోంచి వేలాడుతూ కేకేస్తాడు: "ఇజీనారం, ఇజీనారం! సీకాకులం, పలాస! ఎక్కండెక్కండి!" అద్దె కట్టిన మర్నాడు ఆ కేక మరీ వ్యక్తిగతంగా వినబడుతుంది.

సరే, ఎక్కాం. మొదట ఎక్కింది బస్సు కాదు, వెంచర్‌వాళ్ల ఏసీ కారు. భోగాపురం దారిలో ప్లాట్లు చూపిస్తాం, మధ్యాహ్నం బిర్యానీ పెడతామన్నారు. ఆదివారాలు మా పిల్లకి సినిమా ఖర్చు తప్పింది. ఆ దారిలో పొలం కనబడదు, గట్టు కనబడదు, అన్నీ తెల్లరంగు కొట్టిన హద్దురాళ్లే. బ్రోషర్లో "ఎయిర్‌పోర్టుకి పది నిమిషాలు" అని ఉంటుంది. ఆ ఎయిర్‌పోర్టుకి 2019 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు, 2023 మేలో ఇంకొక ముఖ్యమంత్రి మళ్లీ చేశారు. శంకుస్థాపన జరిగినప్పుడల్లా గజం ఒక మెట్టెక్కింది. ఇంకోసారి చేస్తారేమోనని ఆ చుట్టుపక్కల రైతులు ఎదురుచూసి ఉంటారు. మేం చూసిన ప్లాటు వుడా అప్రూవల్ అన్నాడు ఏజెంటు. వుడా 2018లోనే వీఎంఆర్‌డీఏ అయిపోయింది కదా అన్నాను. "పాత పేరైతేనే జనం నమ్ముతారు సార్, తినండి, లెగ్ పీసేసుకోండి" అన్నాడు. నిజాయితీపరుడు. ధర విన్నాక లెగ్ పీసు వెనక్కి పెట్టేశాను.

ఇటు కాదని వేపగుంట వైపు వెళ్లాం. అక్కడ ఒక ఇల్లు ఎంత చవగ్గా చెప్పారంటే, మా ఆవిడకి వెంటనే అనుమానం వచ్చింది. "ఓనరెవరండీ?" అంది. బ్రోకరు చెప్పులు విప్పి, కొండకేసి దణ్ణం పెట్టి, "సింహాద్రి అప్పన్న స్వామి, అమ్మా" అన్నాడు.

పంచగ్రామాల గొడవ తెలియనివాళ్లకి చెప్పాలి. అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురం, ఈ ఊళ్లలో వేలమంది ఏళ్ల తరబడి ఇళ్లు కట్టుకుని కాపురాలు చేస్తున్నారు. భూమి మాది అని సింహాచలం దేవస్థానం. కట్టుకున్న ఇల్లు మాది అని జనం. నిషేధిత జాబితాలో పడ్డ చోట రిజిస్ట్రేషన్ కాదు. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ అన్ని పార్టీలూ పరిష్కరిస్తామనే అంటాయి. దేవుణ్ణి ఓనరుగా పెట్టుకోవడంలో నాకు అభ్యంతరం లేదు. అప్పన్న ఏడాది పొడుగునా చందనం పూసుకుని చల్లగా ఉండి, అక్షయ తదియ ఒక్కరోజే నిజరూపం చూపిస్తాడు. మా మద్దిలపాలెం ఓనరుగారూ అంతే, ఏడాదికొక్కసారే. నెల తేడా. స్వామి నిజరూపానికి టిక్కెట్టు చవక. కానీ సేల్‌డీడ్ మీద స్వామి సంతకం పెట్టడు కదా. వచ్చేశాం.

మిగిలింది ఇజీనారం. రైల్లో అరవై ఒక్క కిలోమీటర్లు. సీజన్ టిక్కెట్టు చవక. మా అత్తవారి ఊరు. మూడు లాంతర్ల దగ్గర మా మామగారి స్నేహితుడి వాటా ఖాళీగా ఉంది. అద్దె మా దాంట్లో సగం, రెండు గదుల తలుపులూ తెరుచుకుంటాయి, పైగా పెరడు, పెరట్లో కరివేపాకు చెట్టు. కాగితం మీద లెక్కేస్తే రైలు ఖర్చు పోనూ నెలకి ఏడువేలు మిగులుతున్నాయి. పుట్టిల్లు కనక మా ఆవిడ ఎగిరి గంతేస్తుందనుకున్నాను.

"నాకు పుట్టిల్లు లేకుండా చేద్దామనా?" అంది.

"అదేమిటి, పుట్టింటి పక్క వీధిలోనే కదా!"

"అదే చెబుతున్నాను. పక్క వీధిలో ఉంటే పుట్టింటికి వెళ్లడమేమిటి? రోజూ కూర గిన్నె పట్టుకుని తిరగడమే. మీతో మాటామాటా వచ్చినప్పుడు నేనెక్కడికి పోవాలి?"

ఆ కోణం నా జమాఖర్చుల్లో లేదు. ఆమె ఇంకొకటి కూడా తీసింది. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం. ఏటా ఆ పండక్కి మేం చుట్టాలుగా వెళతాం, మేడ మీంచి సిరిమాను చూస్తాం, తిని పడుకుని వస్తాం. అక్కడే కాపురం పెడితే, శ్రీకాకుళం నుంచి రాయగడ దాకా ఉన్న ఉభయ వంశాలూ మూడు లాంతర్ల దగ్గరున్న మన వాటాలోనే దిగుతాయి. సిరిమాను సంబరం ఒక్కరోజుదే. చుట్టాలు అంత తొందరగా వెళ్లరు. నేను కాగితం తిరగేసి మళ్లీ వేశాను. మిగిలే ఏడువేలూ పన్నెండు నెలలకీ కలిపి పైడితల్లమ్మ దగ్గరే తేలిపోయాయి.

ఈ చర్చలన్నీ మా ఇంట్లో పనిచేసే ఆమె గిన్నెలు తోముతూ వింటుంది. ఆమెకి మాకులేనిదొకటుంది, సొంత పట్టా. నగరంలో ఇల్లులేని లక్ష మందికి పైగా పేదలకని ఇచ్చిన పట్టాల్లో అదొకటి. కోర్టు కేసులు తేలాక 2022 ఏప్రిల్ 28న సబ్బవరం మండలం పైడివాడ అగ్రహారంలో ముఖ్యమంత్రి సభ పెట్టి పంపిణీ మొదలెట్టారే, అదే. ఒక సెంటు. సెంటంటే 48.4 గజాలు. "ఇల్లు కట్టుకుని ఎప్పుడు వెళతావు?" అని మా ఆవిడ అడిగింది. "స్తలం అక్కడిచ్చినారు అమ్మా, అంట్లు ఇక్కడున్నాయి" అంది. తెల్లారి ఆరింటికల్లా ఇసుకతోటలో రెండిళ్లు, ఇక్కడ మూడిళ్లు ఆమె చెయ్యాలి. సబ్బవరం నుంచి ఆ వేళకి రావాలంటే ఏ నాలుగింటికి లేవాలో, ఏ బస్సు ఉంటుందో. చవక స్థలం చూపించేవాళ్లు ఎప్పుడూ మధ్యాహ్నం కార్లో తీసుకెళ్లి చూపిస్తారు. తెల్లారి నాలుగింటికి చూపించమంటే ఎవరూ రారు. ఈ విషయంలో వెంచర్ ఏజెంటుకీ ప్రభుత్వానికీ తేడా నాకు కనబడలేదు, బిర్యానీ తప్ప. ఆమె ఇప్పటికీ మా వెనక సందులో ఒక గది అద్దెకుంటోంది. పట్టా ప్లాస్టిక్ కవర్లో పెట్టి దేవుడి పటం వెనక దాచిందట.

చివరికి మా సొంతూరే పోదామనిపించి, చీపురుపల్లి దగ్గరున్న మా పెదనాన్న కొడుక్కి ఫోన్ చేశాను. "అన్నయ్యా, ఊళ్లో మన వాటా జాగాలో చిన్న ఇల్లేసుకుందామనుకుంటున్నాను" అన్నాను. అవతల కాసేపు మాట లేదు.

"ఏటి తమ్ముడూ, ఇప్పుడా? ఇక్కడ కూడా రేట్లు పెరిగిపోనాయి. ఎయిర్‌పోర్టు మనకెంత దూరవురా, గట్టిగా గంట."

చీపురుపల్లి కూడా విమానాశ్రయం పక్కకి వచ్చేసిందన్నమాట. పైగా పిల్లని ఏ కాలేజీలో వేస్తావు, రోగమొస్తే కేజీహెచ్‌కే కదా పరిగెత్తాలి, అని నా మేలు కోరి చాలా చెప్పాడు. అంత ప్రేమ ఎందుకో ఫోన్ పెట్టేశాక అర్థమైంది. వాళ్లబ్బాయి మద్దిలపాలెంలో కోచింగ్ తీసుకుంటున్నాడు. ఉండేది మా రెండో గదిలో. తలుపు తియ్యాల్సొచ్చినప్పుడల్లా పుస్తకం పట్టుకుని లేచి గోడకి నిలబడేది వాడే. నేను మారితే అన్నయ్యకి నెలకి హాస్టల్ ఫీజు తగులుకుంటుంది.

ఈ జూన్లో ఓనరుగారు పైకి వచ్చేసరికి మేం సిద్ధంగానే ఉన్నాం. మా ఆవిడ కాఫీ ఇచ్చింది. ఆయన పేపరు తేలేదు. చేతిలో తాళంచెవుల గుత్తి ఉంది.

"రిటైరయ్యాక ఇక్కడ ఖర్చులు తట్టుకోలేకపోతున్నామండీ. విజయనగరంలో ఇల్లు చూసుకున్నాం, మూడు లాంతర్ల దగ్గర. పెరడుంది, కరివేపాకు చెట్టుంది. మీ అద్దెతో అక్కడ మా ఇద్దరికీ దర్జాగా గడిచిపోతుంది. కాస్త పెంచి ఇరవై చెయ్యండి, అక్కడ అద్దె కట్టాలి కదా."

నేను మా ఆవిడ వంక చూశాను. ఆవిడ ఆ గుత్తి వంక చూస్తోంది.

"మరి ఆ తాళాలేమిటండీ?" అంది.

"మోటారు గదివమ్మా. పొద్దున్నే అయిదింటికి స్విచ్ వెయ్యాలి, ట్యాంకు పొర్లకుండా చూసుకోవాలి. కింద వాటాకి మనిషి దొరికేదాకా మీరే కాస్త."

"ఓనరు పని కదండీ అది," అంది మా ఆవిడ. "దానికి అయిదొందలు తగ్గించుకుని పంతొమ్మిదిన్నర వేస్తాం."

ఆయన ఆలోచించి మూడొందలన్నారు.