సెక్షన్ బాబాయ్

కూకట్‌పల్లి నుంచి మియాపూర్ దాకా ఏ అపార్ట్‌మెంటుకు వెళ్ళినా ఒక సెక్షన్ బాబాయ్ ఉంటాడు. ఉండేది అద్దెకే. కానీ ఆయన ఎదురుపడితే ఓనర్లు లిఫ్టు మానేసి మెట్లెక్కుతారు.

మనం అగ్రిమెంటు మీద సంతకం ఎక్కడ పెట్టాలో చూస్తాం. బాబాయ్ దాన్ని వియ్యంకుడి ఉత్తరంలా చదువుతాడు. ఇల్లు చూడ్డానికొచ్చిన కొత్త జంటను మెట్ల మీదే నిలబెట్టి, "పదకొండు నెలలకే ఎందుకు రాస్తారో తెలుసా? ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చేయించాలమ్మా!" అంటాడు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగుకని ఒక నెల అద్దె కోసుకోవడం ఏ చట్టంలో ఉందని నిలదీస్తాడు. అగ్రిమెంటులోనే ఉందని చూపిస్తే, "అందుకే చదవమన్నాను" అంటాడు.

బాబాయ్ నోటీసులు పంపేది రిజిస్టర్డ్ పోస్టులోనే. 2025లో దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేసిన రోజు ఆయనింట్లో పొయ్యి వెలగలేదు.

మా బాబాయ్ ఓనరు డాలస్‌లో కొడుకు దగ్గరికి వెళ్ళిపోతూ ఫ్లాటును ఒక మేనేజ్‌మెంట్ కంపెనీకి అప్పగించాడు. మెడలో ఐడీ కార్డుతో ఒక కుర్రాడొచ్చి, "అంకుల్, ఇకనుంచి అద్దె యాప్‌లో కట్టాలి. వచ్చే నెల నుంచి పది శాతం ఎక్కువ" అన్నాడు.

"ముందు ఓనరు నీకు రాసిచ్చిన కాగితం చూపించు. గడువింకా ఆరు నెలలుంది. మధ్యలో మీరొస్తే రాసుకున్న అద్దె మారిపోతుందా?"

ఇందులో బాబాయ్ మాటకు తిరుగులేదు. కుర్రాడు మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

చిక్కల్లా గోడతోనే. బాత్‌రూం గోడలో పైపు కారి పడగ్గది చెమ్మెక్కింది. ఫిర్యాదు చేస్తూ బాబాయ్ సెక్షన్ నంబరు రాస్తే, కంపెనీ టికెట్ నంబరు పంపింది. ఆదివారం ఆదివారం టేపుతో మరక కొలిచి, పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ వేస్తాడాయన. శ్రీలంకంత ఉన్నది ఆస్ట్రేలియా అయింది. "1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 108వ సెక్షన్! తాను చేయించాల్సిన రిపేరు నోటీసిచ్చినా ఓనరు చేయించకపోతే, మనమే చేయించి వడ్డీతో సహా అద్దెలో కోసుకోవచ్చు."

"అయితే చేయించండి" అంటుంది పిన్ని.

అక్కడే బాబాయ్‌కి మాట పడిపోతుంది. చేయిస్తే చెమ్మ పోతుంది. చెమ్మ పోతే కేసేముంది?

ఓ రోజు నిజంగానే ప్లంబరొచ్చాడు. బాబాయ్ ముఖం పాలిపోయింది. "ఇంట్లోకి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలి. 2021 నమూనా అద్దె చట్టం!" అంటూ గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. రాష్ట్రం చట్టం చేసుకుంటే తప్ప ఆ నమూనా ఇక్కడ చెల్లదన్న ముక్క మాత్రం ఆయన ఎప్పుడూ గొణుగుతూనే చెబుతాడు.

పిన్ని వంటింట్లోంచే కేకేసింది. "చెప్పులక్కడ విప్పి రా నాయనా. స్టూలు బాల్కనీలో ఉంది. ఆయన గీతలు చెరిపెయ్, పర్లేదు."