చూడకుండా కొనే పార్టీ

మా మేనమామ రైల్వేలో గార్డు. రాజమండ్రి నుంచి అటు బెజవాడకీ ఇటు విశాఖకీ వెళ్ళే గూడ్సు బళ్ళ చివరి డబ్బాలో సర్వీసంతా గడిపి, 2004లో రిటైరయ్యాడు. ఆయన పోయాక మిగిలినవి ఓ పెంకుటిల్లు, అత్తయ్యకి ఫ్యామిలీ పెన్షను, బీరువాలో గుడ్డసంచిలో నాలుగు వాచీలు. ఇల్లు అత్తయ్య ఉన్నన్నాళ్ళూ ఆవిడదేనని ఇద్దరు కొడుకులూ ఒప్పుకున్నారు. తగువంతా వాచీల దగ్గరే వచ్చింది.

పాత వాచీలంటే నాకు ప్రాణమని చుట్టాలందరికీ తెలుసు. ఆ పిచ్చి అంటించింది మావయ్యే. అందుకే సంవత్సరీకాలు అయిన మర్నాడు, నేను సంచి సర్దుకుంటుంటే అత్తయ్య ఆపేసింది. "నువ్వూ కూర్చో నాన్నా. వీటి సంగతి తేలాలి" అని గుడ్డసంచి తెచ్చి మంచమ్మీద గుమ్మరించింది.

అందులో పాతది వెస్టెండ్ వాచీ. మావయ్య తండ్రిది. బొంబాయిలో 1886లో మొదలైన ఆ కంపెనీ స్విట్జర్లాండులో చేయించిన వాచీలు తెప్పించి అమ్మేది. సిపాయిలకీ రైల్వేవాళ్ళకీ వెస్టెండంటే గురి. దాని డయలు పసుపెక్కింది. ముళ్ళ మీద రేడియం పూత నల్లబడి, చీకట్లో వెలగడం ఎప్పుడో మానేసింది. వెలగనంత మాత్రాన రేడియం పోయినట్టు కాదు. దాని తడాఖా సగానికి తగ్గడానికే 1600 ఏళ్ళు పడుతుంది. వెలుగునిచ్చే పూత చచ్చిపోతుంది, రేడియం అలాగే ఉంటుంది. అందుకే అలాంటి వాచీ అద్దం ఊడదీసి ముళ్ళు గోకొద్దని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతుంటాను.

రెండోది హెచ్ఎంటీ జనతా. జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో 1961లో బెంగళూరులో పెట్టిన ఫ్యాక్టరీలోది. 17 రాళ్ళు, రోజూ కీ ఇవ్వాలి. మావయ్య డ్యూటీలో పెట్టుకున్నది ఇదే. ఏ స్టేషను ఎన్నింటికి దాటిందో గార్డు నిమిషాలతో సహా రాయాలి కదా, బండి గోదావరి మీది హేవలాక్ వంతెన ఎక్కగానే ఆయన మణికట్టు తిప్పి చూసుకునేవాడు. 1997లో ఆ పాత వంతెన మూతబడింది. తర్వాత మావయ్యా రిటైరయ్యాడు. అయినా కొవ్వూరు బస్సులో వెళ్తూ గోదావరి కనబడగానే టైము చూసుకోవడం మానలేదు.

మూడోది హెచ్ఎంటీ కాంచన్. పెద్దబావ ఇంజనీరింగులో చేరినప్పుడు కొన్నది. అప్పటికి టైటాన్ క్వార్ట్జ్ వాచీలు వచ్చేశాయి. పెద్దబావ అదే కావాలని పట్టుబడితే, కాంచన్ మావయ్య దగ్గరే ఉండిపోయింది. ఆ హెచ్ఎంటీ వాచీల కంపెనీని మూసేయడానికి 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుందన్న వార్త చదివి మావయ్య ఆ పూట సరిగా భోంచెయ్యలేదు.

నాలుగోది ఫేవర్ లూబా. అసలు తగువు దీని గురించే. 1970లో పెళ్ళికి అత్తయ్య తండ్రి అల్లుడికి పెట్టిన వాచీ. ఆయన కోనసీమలో కొబ్బరితోటల ఆసామీ. కేసు 18 క్యారెట్ల బంగారం. నా చిన్నప్పుడు ఓ వేసవిలో మావయ్య దాని వెనక మూత తీయించి నాకు చూపించాడు. లోపల 0.750 అని అంకెలు, వాటి పక్కన ఆవగింజంత ఆడమనిషి తల ముద్ర. అది హెల్వీషియా తల. 18 క్యారెట్ల బంగారానికి స్విస్ ప్రభుత్వం 1995 దాకా వేసిన ముద్ర అది. "వెయ్యి పాళ్ళలో 750 బంగారమని ఆ దేశం పూచీ పడిందిరా" అన్నాడు మావయ్య. కంసాలి దగ్గర తూయిస్తే కేసు 12 గ్రాములు తూగిందట. అంటే 9 గ్రాముల మేలిమి. ఏడాదిలో పండక్కీ పెళ్ళిళ్ళకీ మాత్రమే ఆయన చేతికి ఎక్కేది.

"ఈ మూడూ ఉంచుకుందాం. ఫేవర్ లూబా మాత్రం అమ్మేద్దాం" అన్నాడు చిన్నబావ. కొవ్వూరు దగ్గర హైస్కూల్లో లెక్కల మాస్టారు. మాట పొదుపు. "నాకు తెలిసిన పార్టీ ఉంది. లక్షా ఇరవై వేలిస్తారు. ఆ డబ్బు అమ్మ పేర వేద్దాం."

పెద్దబావ ముఖం ఎర్రబడింది. హైదరాబాదులో స్థలాల వ్యాపారం చేస్తాడు, నలుగురిని కూర్చోబెట్టి మాట్లాడగలడు. ఆ రోజు మాత్రం గొంతు పెగల్లేదు.

"నాన్న పోయి ఏడాది తిరిగిందో లేదో, ఆయన చేతి వాచీ అమ్ముతావురా? తాతయ్య పెట్టింది. నాన్న పెళ్ళిపీటల మీద పెట్టుకుంది. నాన్న ఉండగా నాలుగూ హైదరాబాదు పట్టుకెళ్ళి సర్వీసింగు చేయించి తెచ్చింది నేను. ఊళ్ళోనే ఉండి నువ్వేం చేశావ్?" అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "నాన్న చేతి చెమట ఇంకా అందులోనే ఉంది. ముక్కూ ముఖం తెలీనివాడెవడో మూత తీసి కెలుకుతుంటే నేను చూడలేను."

అత్తయ్య కూడా కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

నన్నడిగారు. నాకు తోచింది చెప్పాను. పెట్టుకునేవాడుంటే ఉంచుకోవాలి, లేకపోతే పెట్టుకునేవాడి చేతికి వెళ్ళాలి. కీ వాచీని ఏళ్ళ తరబడి సంచిలో పడేస్తే లోపలి నూనె ముద్దకడుతుంది, ఆ తర్వాత ఎవరో సరదాకి కీ ఇస్తే ఇరుసులు అరుగుతాయి. ఉంచుకుంటే మూడు నాలుగేళ్ళకోసారి విప్పి కడిగించి నూనె వేయించాలి. అమ్మితే ఉన్నదున్నట్టే అమ్మాలి. మెరుస్తుందని డయలుకి కొత్త రంగు వేయించినా, కేసు అరగదీసి పాలిష్ పెట్టించినా పాత వాచీలు కొనేవాడు సగం ధర కోసేస్తాడు. బంగారు కేసు సంగతి వేరు, దానికి బరువుంది, ముద్ర ఉంది, చూసి తూచి కొంటారు.

"మా పార్టీ చూడరు" అన్నాడు చిన్నబావ.

"చూడరా?" పెద్దబావ తలెత్తాడు.

"చూడరు. నా మాట మీద తీసుకుంటారు."

"మూత కూడా తీయకుండానా?"

"మూత కూడా తీయకుండా."

పెద్దబావ కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. "అమ్మ ఎలా అంటే అలాగే. అమ్మకి డబ్బొస్తుందంటే అడ్డుపడ్డానన్న మాట నాకెందుకు" అన్నాడు చివరికి.

బస్సుకి బయల్దేరుతుంటే అత్తయ్య వాచీల సంచి నా చేతిలో పెట్టింది. "ఎక్కడైనా చూపించి ధర కనుక్కో నాన్నా. చూడకుండా లక్షలు పోసేవాళ్ళెవరుంటారు? నడుమ చిన్నాడేం మింగుతున్నాడో ఏమో. వాడికి మొదట్నుంచీ డబ్బే లోకం. పెద్దాడిలా మనసున్నవాడు కాదు."

రాజమండ్రి కోటగుమ్మం దగ్గర సందులో నాకు తెలిసిన పెద్దాయన ఉన్నాడు. కీ వాచీ చేతికిస్తే ముందు చెవి దగ్గర పెట్టుకుని వింటాడు, తర్వాతే చూస్తాడు. కంటికి అద్దం బిగించి, సన్నని కత్తి మొన మూత అంచు కింద దూర్చి మెల్లగా తిప్పాడు. వెస్టెండ్ మూత టక్కుమని లేచింది. లోపలంతా సూదిమొనతో గీసిన గుర్తులు. విప్పిన ప్రతి రిపేరరూ తన గుర్తూ, నెలా, ఏడూ మూత లోపల గీసి పెడతాడు. ఆ మూతే వాచీ జాతకం. ఆఖరి గీత 98లోది.

"దీన్ని పాతికేళ్ళుగా ఎవరూ విప్పలేదు బాబూ" అన్నాడాయన.

"2022లో సర్వీసింగు చేయించారే, నాలుగింటికీ?"

ఆయన జవాబు చెప్పలేదు. జనతా విప్పాడు, కాంచన్ విప్పాడు. నూనె గోధుమరంగు జిగురై రాళ్ళ చుట్టూ పేరుకుపోయింది. తర్వాత ఫేవర్ లూబా అందుకుని, అరచేతిలో ఓసారి ఎగరేసి పట్టుకున్నాడు. కనుబొమలు ముడిపడ్డాయి. మూత తీసి దీపం దగ్గరికి వంచి, అద్దం నా చేతికిచ్చాడు.

ఆడమనిషి తల లేదు. 0.750 లేదు. యాభై ఏళ్ళ వాచీలో మూత లోపల నున్నగా, ఇత్తడి రంగులో ఖాళీగా ఉంది. మూలన ఒకే ఒక్క గీత, కొత్తది. 4-22.

"గిల్టు" అన్నాడాయన. "మెషీను అసలుదే. డయలు అసలుదే, ముళ్ళూ అసలువే. ఒంటి మీది బంగారం ఒలుచుకుని, ఈ చొక్కా తొడిగారు. ఇప్పుడు దీనికి ఏడెనిమిది వేలు ఇస్తే గొప్ప."

నేను ఇంటికి వెళ్ళలేదు. వంతెన దాటి కొవ్వూరు వెళ్ళాను. బడి వదిలేశారు. చిన్నబావ స్టాఫ్‌రూములో ఒక్కడే పేపర్లు దిద్దుతున్నాడు. సంచి బల్లమీద పెట్టి అడిగాను, "బావా, చూడకుండా కొనే ఆ పార్టీ ఎవరు?"

ఎర్ర పెన్ను మూత పెట్టి, నా ముఖం చూశాడు. "విప్పించావా?"

"విప్పించాను."

"పార్టీ ఎవర్రా, నేనే. పీఎఫ్ లోను పెట్టాను. వచ్చే వారం చేతికొస్తుంది."

ఆ తర్వాత చెప్పింది కూడా లెక్క చేసి చూపించినట్టే చెప్పాడు. 2022 ఎండాకాలం పెద్దబావ సర్వీసింగు అని నాలుగూ పట్టుకెళ్ళాడు. అప్పుడతని వ్యాపారం బాగా దెబ్బతిని ఉంది. నెల తర్వాత తెచ్చిచ్చాడు. మావయ్య ఫేవర్ లూబా చేతికి పెట్టుకుని, బకిలు బిగించి, వెంటనే తీసేశాడు. అద్దం అక్కర్లేదు, ముద్ర చూడక్కర్లేదు. అన్నేళ్ళు మోసిన బరువు ఆ మణికట్టుకి తెలుసు. మర్నాడు చిన్నబావని ఒక్కణ్ణీ గోదావరి గట్టు మీదికి తీసుకెళ్ళి చెప్పాడు.

"'పెద్దాడు తీశాడు. నన్నడిగితే నేనే ఇద్దును' అన్నారు నాన్న. 'మీ అమ్మకి మాత్రం తెలియనీకు. వాడంటే దానికి ప్రాణం, తట్టుకోలేదు. అది మీ అమ్మ పుట్టింటి బంగారం. దాని విలువ ఎప్పటికైనా మీ అమ్మ చేతిలో పడేటట్టు చూడు' అన్నారు. నేను సరేనన్నాను."

"నీకు తెలుసని పెద్దబావకి తెలుసా?"

"తెలియదు. తెలియక్కర్లేదు కూడా. అమ్మ అడిగితే ఏం చెబుతావ్?"

"ఏం చెప్పమంటావ్?"

"ధర సరైనదేనని చెప్పు. అబద్ధం కాదుగా."

అదే చెప్పాను. "న్యాయమైన ధరే అత్తయ్యా. బంగారం విలువంతా వస్తోంది. నడుమ ఎవరూ పైసా మింగడం లేదు" అన్నాను. ఆవిడ నమ్మినట్టు లేదు. ఇంత చిన్న వాచీకి అంత ధరా అని కాదు, చిన్నకొడుకు చేతిలోంచి నిండు ధర వస్తుందా అని.

రెండో ఆదివారం పెద్దబావ కూడా హైదరాబాదు నుంచి వచ్చాడు. చిన్నబావ బ్యాంకు చీటీ ఊడని కట్టలు తెచ్చి అమ్మ ముందు పెట్టి, ఫేవర్ లూబా తీసుకుని జేబులో వేసుకున్నాడు. పార్టీకి అందజేస్తానన్నాడు. అత్తయ్య ఆ డబ్బు ముట్టుకోలేదు. వాచీ వెళ్ళిన జేబు వైపే చాలాసేపు చూసింది.

"మీ నాన్న చేతి వాచీకి వెల కట్టావు. సరే, నీ తృప్తి నీది. ఈ డబ్బు నాకొద్దు. నా చేత్తో తినలేను."

"అమ్మా, అది నీదే. నీ పేర వేద్దామని..."

"నాకొద్దన్నానా?" అత్తయ్య కట్టలు రెండు చేతులా ఎత్తింది. మిగిలిన మూడు వాచీలున్న గుడ్డసంచి వాటి పైన పెట్టింది. చిన్నబావని దాటుకుని వెళ్ళి, అన్నీ కలిపి పెద్దబావ ఒళ్ళో పెట్టింది.

"ఆ వాచీ పోతుందంటే కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాడివి నువ్వొక్కడివే. ఇవన్నీ నీ దగ్గరుంటేనే భద్రం. ఉంచుకో నాన్నా."

నేను చిన్నబావ వైపు చూశాను. వద్దన్నట్టు తలాడించాడు.

పెద్దబావ జేబురుమాలుతో కళ్ళు తుడుచుకుని, కట్టల చీటీ తెంపి లెక్కపెట్టుకున్నాడు.