ఎవరి తాలూకండీ?

మొన్న డిసెంబరు సెలవుల్లో మావాడు నన్నూ మా ఆవిడనీ కోనసీమ తీసుకెళ్ళాడు. తీసుకెళ్ళాడంటే ఏ చుట్టాలింటికో అనుకునేరు. మా అమ్మమ్మగారి ఊరికి ఆరు మైళ్ళ దూరంలో, వశిష్ఠ గోదావరి ఒడ్డున, దిండిలో ఒక రిసార్టులో డబ్బిచ్చి మూడు రాత్రులు పడుకోబెట్టాడు. రోజుకెంతో నాకు చెప్పలేదు. చెబితే నాకు నిద్రపట్టదని వాడి భయం. నేనూరుకుంటానా? వాడు స్నానానికెళ్ళినప్పుడు బిల్లు చూశాను. అందులో 18 శాతం జీఎస్టీ ఉంది. గది అద్దె రాత్రికి ఏడున్నర వేలు దాటితేనే ఆ 18 వేసేది, ఆమాత్రం పేపరు నేనూ చదువుతాను. మిగతా లెక్క మనసులోనే కట్టుకుని, ఆ పూట బీపీ మాత్ర కాస్త ముందే వేసుకున్నాను.

మా రోజుల్లో అని మొదలెట్టగానే మీరు ఫోను తీస్తారని నాకు తెలుసు నాయనా. తియ్యండి. నేను గోడకి చెప్పుకుంటాను. గోడే నయం, చార్జింగు అయిపోతోందని మధ్యలో లేచిపోదు.

మా రోజుల్లో సెలవులంటే అమ్మమ్మగారి ఊరు. ఇంకో ఊరుంటుందని కూడా మాకు తెలీదు. పాలకొల్లు నుంచి చించినాడ రేవుదాకా జట్కా. అక్కణ్ణుంచి పడవ. పడవ నిండితేగాని కదలదు. నిండడమంటే పదిహేనుమంది మనుషులు, రెండు సైకిళ్ళు, నాలుగు అరటిగెలలు, ఎవరిదో ఒక మేక. మేకకి టిక్కెట్టు ఉందా లేదా అని సరంగుతో తగువు. ఈలోగా ఎండ నడినెత్తికొచ్చేది. అప్పుడు గడ వేసేవాడు నావైపు చూసి అడిగేవాడు: "బాబుగారు ఎవరి తాలూకండీ?"

అంతే. ఆ ఒక్క ప్రశ్న. పేరు అక్కర్లేదు, తరగతి అక్కర్లేదు. ఫలానావారి మనవణ్ణని చెప్పేసరికి పడవలో సగంమంది మనకి వరసయిపోయేవారు. ఒకావిడ "మీ అమ్మ నా దగ్గరే జడ వేయించుకునేది" అనేది. అవతలి ఒడ్డుకి చేరేసరికి ఎవడో సైకిలెక్కి ముందెళ్ళి కబురు చెప్పేవాడు. మేం గుమ్మంలోకి అడుగుపెట్టేసరికి కాళ్ళు కడుక్కోడానికి చెంబుతో నీళ్ళు.

ఇప్పుడక్కడ వంతెన ఉంది. కారులో అద్దాలెత్తుకుని, ఏసీ వేసుకుని, నేను "అదిగోరా రేవు" అనేలోపు గోదావరి అయిపోయింది. నా మనవడు తలెత్తి "ఏది తాతా?" అన్నాడు. అప్పటికే పెట్రోలు బంకు వచ్చేసింది. ఆ వంతెన కోసం మా మేనమామలు ఎన్ని అర్జీలు పెట్టారో, పురిటినొప్పుల మనిషిని రాత్రివేళ పడవలో దాటించడానికి ఎన్ని అవస్థలు పడ్డారో నాకు తెలియక కాదు. అయినా ఓ పది నిమిషాలన్నా పట్టకపోతే అది ఏరు దాటడమా?

సరే, రిసార్టు. కౌంటరు దగ్గర అమ్మాయి నవ్వుతూ ఆధార్ కార్డు అడిగింది. నాది, మా ఆవిడది, చివరికి పదేళ్ళ మనవడిది కూడా. పన్నెండంకెలు ఇచ్చాక చేతికి కాగితం పట్టీ కట్టారు. ఆసుపత్రిలో నన్ను గుండెకి చూపించుకోడానికి చేర్పించినప్పుడు కట్టారు అలాంటిది. తర్వాత పళ్ళెంలో గాజుగ్లాసు, అందులో కొబ్బరినీళ్ళు, పైన పుదీనా ఆకు, చిన్న కాగితం గొడుగు. కోనసీమలో కొబ్బరినీళ్ళకి గొడుగేంటయ్యా? చెట్టే గొడుగు కదా!

ఆ గొడుగు పక్కకి తీసి తాగుతుండగా చూశాను, హాలు మధ్యలో పెద్ద బర్మా టేకు ద్వారబంధం. గోడ లేదు, తలుపులు లేవు, ఉత్తి గుమ్మం. చిలకలు, లతలు, పైన గజలక్ష్మి. నా గుండె ఆగినంత పనైంది. అది మా అమ్మమ్మగారి మండువా లోగిలి గుమ్మం! కావాలంటే చూడండర్రా, కుడివైపు నిలువు కమ్మీకి నా నడుమెత్తున బొంగరం మేకు దిగిన గుంట ఉంటుందన్నాను. నేను తొమ్మిదో ఏట విసిరిన బొంగరం అది. వంగి వేలితో తడిమితే గుంట ఉంది! మా ఆవిడని పిలిచాను, కోడల్ని పిలిచాను, ఎవరో బెంగళూరువాళ్ళు సామానుతో వస్తుంటే వాళ్ళనీ ఆపి చూపించాను. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. మేనేజరు వచ్చి ఎంతో మర్యాదగా, "ఇది తమిళనాడు కారైకుడి నుంచి తెప్పించాం సార్" అన్నాడు.

"కారైకుడిలో కూడా బొంగరాలాడతారు కదా తాతా" అన్నాడు నా మనవడు.

మరి మా గుమ్మం ఏమైందంటారా? చెప్పకపోతే మీరొదలరు. 1996 నవంబరు 6న వచ్చిన తుపానుకి కోనసీమలో కొబ్బరితోటలు చాపలా పడిపోయాయి. మా లోగిలి పైకప్పు కూడా లేచిపోయింది. బాగుచేయించేంత ఓపిక ఎవరికీ లేక, స్తంభాలతో సహా కలప వ్యాపారికి ఇచ్చేశాం. మా అమ్మ వాటా తాలూకు సంతకం నేనే పెట్టాను. ఆ డబ్బుతో హైదరాబాదులో ఫ్రిజ్జు కొన్నాం. నులకమంచాలు కూడా ఇచ్చేశాం. ఇప్పుడలాంటి నులకమంచమే ఈ రిసార్టు తోటలో ఉంది, దానిమీద "దయచేసి కూర్చోవద్దు" అని చీటీ అంటించారు.

అన్నట్టు, మేం రిసార్టు చేరేసరికి రాత్రి పదీ నలభై. ఆకలి. వంటిల్లు పదిన్నరకే కట్టేశారట! నేను కౌంటరు దగ్గరే ఉపన్యాసం అందుకున్నాను. ఇది ఏ సీమనుకున్నారు? ఈ సీమలోనే, లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు ఉండేవారు. మండపేటలో పుట్టి ఈ లంకలకి కోడలిగా వచ్చి, 1909లో పోయేదాకా, వేళ కాని వేళ తలుపు కొట్టిన ప్రతివాడికీ అన్నం పెట్టిన మహాతల్లి. గన్నవరం అక్విడక్టుకి ఆవిడ పేరే పెట్టుకున్నాం. ఆ సీమలో పదీ నలభైకి పొయ్యి ఆర్పేస్తారా? ఆ అమ్మాయి అంతా విని, "సారీ సర్" అని రెండు బిస్కెట్ పొట్లాలిచ్చింది. అవి కూడా ఊరికే ఇచ్చింది, ఏమాటకామాటే చెప్పుకోవాలి.

గదిలోకెళ్ళాక మా ఆవిడతో కూడా ఇదే పాట పాడాను. మా అమ్మమ్మ అర్ధరాత్రి ఎంతమంది దిగినా పొయ్యి రాజేసి, ఇంత ముద్దపప్పు, ఆవకాయ... అంటుంటే మా ఆవిడ బిస్కెట్టు టీలో ముంచుతూ, "మీ అమ్మమ్మకే ఈ గది ఒక్కరోజు ఇచ్చుంటే, లోపల గడియ పెట్టుకుని రెండ్రోజులు లేచేది కాదు" అంది. దీనికి నా దగ్గర జవాబు లేకపోయింది. అంచేత స్నానాలగది మీద పడ్డాను.

స్నానాలగదికి గోడ లేదు నాయనా, అద్దం ఉంది! మంచంమీంచి చూస్తే లోపల మనిషి పళ్ళు తోముకోడం కనపడుతుంది. ఏభై ఏళ్ళు కాపరం చేశాం, ఇంకా చూసుకోవలసిందేం మిగిలిందని? తెరొకటి ఉందనీ, మీట నొక్కితే దిగుతుందనీ మర్నాడు సాయంత్రంగాని తెలీలేదు. మంచంమీద తెల్ల తువ్వాళ్ళతో రెండు హంసలు చేసి పెట్టారు. వాటిని విప్పడానికి మా ఆవిడకి మనసొప్పలేదు. ఆ హంసలు నడిమధ్య పడుకున్నాయి, మేం చెరో అంచునా పడుకున్నాం.

పొద్దున్న టిఫిను నలభై రకాలు. పెసరట్టు మీద చీజు తురుము వేశారు. ఆ పాపం గురించి నేను మాట్లాడను. ఓ మూల గాజు సీసాల్లో ఏదో పులిసిన నీళ్ళు పెట్టి, కడుపుకి మంచిది, ప్రోబయోటిక్ అని బోర్డు పెట్టారు. మా కోడలు భక్తిగా ఓ గ్లాసు తాగింది. మా అమ్మమ్మ వంటింటి మూల తరవాణి కుండ ఉండేదమ్మా, గంజీ కలి పోసి పులియబెట్టి, పొద్దున్నే అందులో అన్నం, ఉప్పు, ఉల్లిపాయ వేసి పెట్టేది, ఇదీ అదీ ఒకటే అన్నాను. "మరి అప్పుడు మీకిష్టంగా ఉండేదా మావయ్యగారూ?" అంది. అబద్ధమెందుకు, ముక్కు మూసుకుని తినేవాణ్ణి. ఆ వాసనకి వాకిట్లోకి పారిపోయేవాణ్ణి కూడా. ఇదంతా కోడలికి చెప్పాలా ఏం?

డిసెంబరు నెలలో మెనూలో పులస పులుసు ఉంది! ఇక్కడ మటుకు నేను కరక్టు. సముద్రంలోంచి వరదనీటికి ఎదురీదుకుంటూ గోదాట్లోకి ఎక్కొస్తేనే అది పులస. ఉప్పునీళ్ళలో ఉన్నంతసేపూ ఇలసే. ఆ ఎర్రనీళ్ళ రోజులు శ్రావణ భాద్రపదాలు దాటవు. పుస్తెలమ్మైనా తినాలన్నారు నిజమే, ఫ్రిజ్జులోది తినమని ఎవరన్నారు?

ఈతకొలను దగ్గర నన్ను పంచెతో దిగనివ్వలేదు. నైలాను నిక్కరుంటేనే దిగాలట. రెండు ఎండుకొబ్బరికాయలు జంటగా కట్టి, వాటిమీద బోర్లా పడుకోబెట్టి, మా చిన్నమామయ్య నన్ను కాలవలోకి ఒక్క తోపు తోశాడు. అదీ మా ఈత. మూడు గుటకలు బురదనీళ్ళు మింగితే వచ్చేసేది. ఇక్కడ నడుంలోతు నీళ్ళలో మావాడూ కోడలూ నిలబడ్డారు. వాళ్ళమధ్య తేలే బుట్టలో ఇడ్లీలు, పళ్ళముక్కలు. నీళ్ళమీద తేలే టిఫినుకి విడిగా ధర. ఫొటో అయ్యేదాకా ఇడ్లీ ముట్టుకోకూడదు. మావాడు ఒక చేత్తో బుట్ట పట్టుకుని, అది సాంబారుతో సహా బోల్తాపడకుండా కాపలా కాస్తున్నాడు. ఎమ్‌టెక్ చదివించాను వాణ్ణి.

సాయంత్రం హౌస్‌బోటు. అదెక్కగానే గైడు, "అచ్చం కేరళలా ఉంది కదండీ!" అన్నాడు. ఇది నాకు మహా మంట. కోనసీమ కోనసీమలా ఉంటే చాలదా? కేరళవాళ్ళెవరైనా వాళ్ళ ఊరు చూపించి, అచ్చం కోనసీమలా ఉంది అంటారా? మా రోజుల్లో కాలవల మీద గూటిపడవలుండేవి. గట్టుమీద ఇద్దరు మనుషులు తాడు భుజానేసుకుని లాగేవారు. రాత్రంతా ప్రయాణం, లోపల లాంతరు, దోమలు... దోమలు బాగానే ఉండేవి. ఈ బోటులో దోమల్లేవు. తెరచాటున ఏదో పొగ వేశారు. ఎర్రటి సూర్యుడు కొబ్బరి మట్టల వెనక్కి దిగుతుంటే అరగంటసేపు నేనేమీ సణగలేదట. ఒంట్లో బాగాలేదేమోనని కోడలు నుదురు పట్టుకు చూసింది.

గదికి టీ తెచ్చే కుర్రాడొకడు. పాతికేళ్ళుండవు. నల్లకోటు, మెడకి టై, వచ్చినప్పుడల్లా ఇంగ్లీషులో నిద్ర ఎలా పట్టిందని అడుగుతాడు. రెండోరోజు పొద్దున్న వరండాలో కూచుని, "ఏవోయ్, పెద్దకాలవ ఇటేపా అటేపా?" అన్నాను.

"ఆయ్, అటేపండీ" అనేసి నాలిక్కరుచుకున్నాడు.

"ఏంటీ, ఆయ్ అన్నావు!"

"అనకూడదండీ. గెస్టులు నవ్వుతారని ట్రైనింగులో మానిపించారండి."

నేను టీ పక్కన పెట్టేశాను. రెండు రోజుల్లో నా చెవిని పడ్డ మొదటి కోనసీమ మాట అది. ఏ ఊరంటే మా అమ్మమ్మగారి ఊరి పక్క ఊరే చెప్పాడు. ఇంట్లో నాయనమ్మ ఉందట, ఎనభై దాటాయట. నేను మా లోగిలి గురించి, తుపాను గురించి, బొంగరం గురించి చెప్పాను. కారైకుడి సంగతి చెప్పలేదు. ట్రే పట్టుకుని గుమ్మంలోనే నిలబడి విన్నాడు. బహుశా అదీ ట్రైనింగులో భాగమేమో.

మర్నాడు బయల్దేరే వేళకి, డ్యూటీ లేకపోయినా, మామూలు చొక్కాలో సైకిలుమీద వచ్చాడు. వెనక క్యారేజీ మీద గోనెసంచీ. "మా నాయనమ్మకి చెప్పానండి. ఎవరి తాలూకో కనుక్కోరా అందండి. మీరు చెప్పిందంతా చెబితే, ఆ లోగిట్లో వడ్లు దంచానురా అందండి. ఇవి ఇవ్వమందండి." సంచీలో పది కొబ్బరికాయలు, కాగితంలో చుట్టిన బెల్లం అచ్చు. డబ్బివ్వబోతే మావాడి చేతిని అలాగే వెనక్కి తోసేశాడు.

గేటు దగ్గర సెక్యూరిటీవాడు కారాపాడు. గోనెసంచీ చూసి, తోటలోవేమో అని అనుమానం. "బిల్లుందా సార్?"

"లేదు!" అన్నాను. కిందకి దిగాను. మూతి విప్పి ఒక్కొక్క కాయా బయటికి తీసి చూపించాను. ఎవరి నాయనమ్మ ఇచ్చిందో, ఎవరి లోగిట్లో ఆవిడ వడ్లు దంచిందో మొదట్నుంచి చెప్పాను. వెనకాల మూడు కార్లు హారన్లు కొడుతున్నాయి. మావాడు స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. సెక్యూరిటీవాడు దణ్ణం పెట్టి, "సరేనండీ, ఆ రెండో సంచీ కూడా ఒకసారి చూపించేస్తే..." అన్నాడు.

అది మటుకు చంకలో గట్టిగా ఇరికించుకుని గబుక్కున కారెక్కేశాను. గదిలోని సబ్బులూ, షాంపూ సీసాలూ అన్నీ అందులోనే ఉన్నాయి.