తుపాకులు దించినా బాతులు పెరగలేదేం?

బాతులు తగ్గిపోవడానికి వేటగాళ్లే కారణమంటారు ఈ కాలం పిల్లలు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక కూడా బాతులు, కముజుల వంటి చిన్న వేటకు లైసెన్సు దొరికేది. 1991 సవరణతో అదీ పోయింది. చట్టం వద్దంది, మేం తుపాకులు దించేశాం. ముప్పై ఏళ్లు దాటింది గదా, మరి పిట్టలు పెరగాలి. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా చెరువు కట్టలు తిరిగి, ఎక్కడ పెరిగాయో చూపించండి.

మా రోజుల్లో దీపావళి దాటి తెల్లారుజామున మంచు పట్టిందంటే సూదితోక బాతులు దిగేవి. వాటి వెంబడే పారముక్కువి, చిన్న బాతులు. కుందూ ఏటి ఒడ్డున జక్కవలు జతలు జతలుగా ఉండేవి. సైబీరియా, మంగోలియా వైపు నుంచి హిమాలయాలు దాటి వచ్చిన పిట్టలు అవి. శివరాత్రి పోయి ఎండ ముదిరితే మళ్లీ ఉత్తరానికి లేచిపోయేవి. చిలువలు మాత్రం ఇక్కడివే, రాత్రిపూట ఈలలు వేసుకుంటూ తలమీద తిరిగేవి.

మా పెదనాయన దగ్గర నేర్చుకున్నది తుపాకీ పేల్చడం ఒక్కటే కాదు. బాతు పగలు నీళ్ల మధ్య నిద్రపోతుంది, మేతకు పోయేది చీకట్లో. పొద్దు వాలగానే చెరువు విడిచి ఏ మడి వైపు పోతుందో నాలుగు రోజులు చూసి గాని తుపాకీ ముట్టనిచ్చేవాడు కాదు. నీళ్లమీద కూర్చున్న గుంపులోకి కాల్చకూడదు. జక్కవల జోలికి అసలు పోకూడదు. ఇంటికి కూరకైతే చాలు, అమ్మకం మాట ఎత్తితే తిట్టేవాడు. వేటగాడి కన్నంటే ఏమిటో కలివికోడిని అడగాలి. 1900 తర్వాత ఎవరి కంటా పడని ఆ పిట్ట 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికిందంటే, పిట్టలు పట్టే ఒక మనిషి చలవే అది. చదువుకున్నవాళ్లు అతని మాట విన్నారు కాబట్టి దొరికింది.

అసలు దెబ్బ నీళ్ల దగ్గర పడింది. సూదితోక బాతు తలకిందులై, తోక పైకెత్తి, అడుగు బురదలో గింజలూ దుంపలూ ఏరుకు తింటుంది. దానికి మోకాలి లోతు నీళ్లు, అంచున తుంగ, నాచు ఉండాలి. చెరువులు చేపల కాంట్రాక్టులకు పోయాక ఆ అంచు మిగల్లేదు. గడ్డి చేపలు వదిలితే నాచు మాయం. పిట్ట వాలితే టపాకాయలు కాలుస్తారు. పూడిక తీసే పేరుతో ఒడ్డు దగ్గరే నిలువు లోతు గుంతలు తవ్వుతారు. వెలుగోడులో 16.95 టి.ఎం.సీ.లు పట్టే జలాశయం ఉంది గదా అంటారు. ఉంది. పగలు నిద్రకు బాగానే ఉంటుంది. ఆ లోతు నీళ్లలో బాతు ఏం తినాలి?

మడులైనా మిగిలాయా అంటే అదీ లేదు. సుంకేసుల నుంచి వచ్చే కె.సి. కాలువ 1860లలో తవ్విన కాలువ. దాని కింద వరి కోసేసరికి పిట్టలు దిగేవేళ అయ్యేది. రాలిన వడ్లు, తడి ఆరని గట్ల మీద కలుపు గింజలు, ఇవే వాటికి రాత్రి తిండి. ఇప్పుడు కలుపు మందు కొట్టి గింజ పడనివ్వరు, కోత కాగానే దున్నేస్తారు. చాలాచోట్ల వరి పోయి మొక్కజొన్న, పత్తి వచ్చాయి. వానలూ గతి తప్పాయి. 2019 సెప్టెంబరులో మహానంది గుడిలోకే నీళ్లొచ్చాయి. అట్లాంటి ఏడు ప్రతి గుంతా నిండి, ఉన్న కాసిని పిట్టలు చెదిరిపోతాయి. కరువు ఏడైతే దిగవు.

ఇది మా ఒక్క సీమ గోడే కాదు. 2023 నాటి దేశవ్యాప్త పక్షుల నివేదిక బాగా తగ్గిన జాతుల్లో బాతులనూ చేర్చింది. యూరప్‌లో చలి తగ్గి కొన్ని బాతులు ఉత్తరానే ఆగిపోతున్నాయని లెక్కలు తేల్చాయి. కానీ అమెరికావాళ్లు చేసిన పని చూడండి. 1934 నుంచి అక్కడ బాతుల వేటగాడు ఏటేటా ఒక స్టాంపు కొనాలి, ఆ డబ్బుతో ప్రభుత్వం చిత్తడి నేలలు కొని కాపాడుతుంది. 1955 నుంచి ఏటా విమానాల్లో తిరిగి బాతులను లెక్కపెడుతున్నారు, కరోనా రెండేళ్లు తప్ప. మమ్మల్ని మాత్రం వద్దని పంపేశారు. పైసా అడగలేదు, తెలిసింది చెప్పమనీ అడగలేదు. మేం పోయిన చోటికి రాత్రిపూట వలలు కట్టేవాళ్లు, గింజల్లో విషం కలిపేవాళ్లు వచ్చారు. వాళ్లకు జక్కవ ఒకటే, చిలువ ఒకటే. వాళ్లను పట్టుకుని కేసులు పెట్టాలి.

నేను మళ్లీ తుపాకీ ఎత్తుతానని అడగడం లేదు. చేపల వేలం కాగితంలో ఒక్క షరతు రాయండి: ప్రతి చెరువులో ఒక పక్క లోతు చేయకుండా, తుంగ పీకకుండా వదలాలి. 1987 నుంచి ప్రతి జనవరిలో ఆసియా అంతటా నీటిపక్షుల లెక్క జరుగుతోంది. ఆ లెక్కకు ఈ చెరువులకు వచ్చేవాళ్లు మా వయసు వేటగాళ్లను వెంట తీసుకుపోండి. మసక వెలుతురులో రెక్క చప్పుడు విని ఏ బాతో చెప్పేవాళ్లం ఇంకా కొందరం ఉన్నాం.